దాచమన్న చేతులే తిరిగి ఇవ్వాలి

సంక్రాంతికి ఊరెళ్తాం. పండగ మూడు రోజులూ గడిచి తిరుగు ప్రయాణమయ్యే వేళ తాతయ్య మనవరాలిని పక్కకు పిలిచి చేతిలో ఐదొందల నోటు పెడతారు. మేనమామ ఇంకో రెండొందలు ఇస్తాడు. పెద్దమ్మ బొట్టు పెట్టి ఓ వంద ఇస్తుంది. ఆ పిల్ల నోట్లన్నీ మడతపెట్టి గుప్పిట్లో బిగించుకుని బస్సెక్కుతుంది. ఊరి పొలిమేర దాటకముందే అమ్మ చెయ్యి చాపుతుంది.

"ఇలా ఇవ్వమ్మా, పారేసుకుంటావు. నేను దాచిపెడతాను."

ఆ ఎనిమిది వందలు ఏమయ్యాయో ఆ పిల్లకు ఎప్పటికీ తెలియదు. ఆ నెల కరెంటు బిల్లులోనో, పాలవాడి లెక్కలోనో కలిసిపోతాయి. అమ్మకు చెడ్డ ఉద్దేశమేమీ లేదు. ఇంటి ఖర్చంతా పిల్లల కోసమే కదా అనుకుంటుంది. కానీ పిల్ల మనసులో ఓ పాఠం పడిపోయింది. దాచిపెట్టడమంటే డబ్బు కనిపించకుండా పోవడమని, చేతిలో ఉండగానే ఖర్చు పెట్టేసుకోవడం మేలని ఆమె నేర్చుకుంది. పదిహేనేళ్ల తర్వాత అదే అమ్మాయి జీతాన్ని పదో తారీఖుకల్లా ఖాళీ చేస్తుంటే, "మా అమ్మాయికి పొదుపంటే తెలియదు" అని మనమే బాధపడతాం.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. దాచిన డబ్బు చెప్పిన రోజుకు, చెప్పినంత తిరిగి చేతికొస్తుందన్న నమ్మకం కలిగిన పిల్లలే దాచుకోవడం నేర్చుకుంటారు. డిబ్బీ కొనివ్వడం, బ్యాంకు ఖాతా తెరవడం ఆ తర్వాతి పనులు. ఆ నమ్మకాన్ని మొదట ఇవ్వాల్సింది అమ్మానాన్నలే.

మిఠాయి ముందు కూర్చున్న పిల్లలు

1960ల చివర్లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ మిషెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చిన్నపిల్లలతో కొన్ని ప్రయోగాలు మొదలుపెట్టారు. మార్ష్‌మాలో లాంటి మిఠాయి ఎదురుగా పెట్టి, తిరిగొచ్చేదాకా తినకుండా ఆగితే రెండోది కూడా ఇస్తామని చెప్పి గదిలోంచి బయటికి వెళ్లేవారు. కొందరు వెంటనే తినేశారు. కొందరు ఓపిక పట్టారు. ఓపిక పట్టిన పిల్లలు పెద్దయ్యాక చదువులో మెరుగ్గా ఉన్నారని తర్వాతి పరిశీలనల్లో కనిపించేసరికి ఈ ప్రయోగం వ్యక్తిత్వ వికాస పుస్తకాల్లోకి ఎక్కింది. నిగ్రహం ఉన్న పిల్లలు, లేని పిల్లలు అంటూ రెండు జాతులున్నట్టు చాలామంది రాసేశారు.

అసలు కీలకం మరోచోట ఉంది. 2012లో రోచెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన సెలెస్ట్ కిడ్, ఆమె సహచరులు ఇదే పరీక్షను కొంచెం మార్చి చేశారు. 28 మంది పిల్లలను తీసుకున్నారు. మిఠాయి పెట్టడానికి ముందు బొమ్మలు వేసుకోమని అరిగిపోయిన క్రేయాన్లు ఇచ్చి, కాసేపు ఆగితే మంచివి తెస్తామన్నారు. సగం మందికి అన్నట్టే తెచ్చిచ్చారు. మిగతా సగం మందికి, లేవు, వీటితోనే వేసుకోమని చెప్పారు. ఆ తర్వాత మిఠాయి పరీక్ష పెట్టారు. పెద్దవాళ్లు మాట నిలబెట్టుకున్న పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పడం చూసిన పిల్లలు 3 నిమిషాలే ఆగారు.

ఆ మూడు నిమిషాల పిల్లల్లో లోపమేమీ లేదు. వాళ్లు సరిగ్గానే ఆలోచించారు. ఇచ్చేవాడి మాట మీద నమ్మకం లేనప్పుడు ఉన్నది తినేయడమే తెలివి. మన పిల్లలు డబ్బు విషయంలో తొందరపడుతున్నారంటే ముందు వాళ్లను తిట్టకండి. మనం ఇచ్చిన మాటలు ఎన్ని నిలబెట్టుకున్నామో లెక్క చూసుకుందాం.

మా నాన్న చేసిన అప్పు

నాకు తొమ్మిదేళ్లప్పుడు మట్టి డిబ్బీ ఒకటి ఉండేది. తెలంగాణ వైపు దీన్నే గల్లగురిగి అంటారు. నెలాఖరులో ఓ సాయంత్రం చెప్పాపెట్టకుండా చుట్టాలొచ్చారు. నాన్న జేబులో డబ్బుల్లేవు. ఆయన వంటింట్లో నా పక్కన గొంతుక్కూర్చుని నెమ్మదిగా అడిగారు. "నాన్నా, నీ డిబ్బీలోంచి నలభై రూపాయలు అప్పిస్తావా? ఒకటో తారీఖున తిరిగిచ్చేస్తాను."

నేను తలూపాను. డిబ్బీని తలకిందులు చేసి, సందులో చీపురుపుల్ల దూర్చి, ఒక్కో బిళ్ల పుల్ల మీదుగా జారేలా ఇద్దరం కలిసి ఊపాం. నలభై రూపాయలు లెక్క తేలాక నాన్న నా లెక్కల నోటుబుక్కు ఆఖరి పేజీలో "బాకీ 40 రూపాయలు" అని రాసి, కింద ఆఫీసు కాగితాల మీద పెట్టినట్టే సంతకం పెట్టారు. ఒకటో తారీఖు సాయంత్రం ఇంటికొచ్చి, చొక్కా కూడా విప్పకుండా నన్ను పిలిచి నలభై రెండు రూపాయలు లెక్కపెట్టి చేతిలో పోశారు. ఆ రెండు రూపాయలూ వడ్డీ అన్నారు. పేజీ మీద అడ్డగీత కొట్టమని పెన్ను నా చేతికే ఇచ్చారు.

ఆయన అడక్కుండా తీసుకోవచ్చు. ఆ డబ్బు ఇచ్చింది కూడా ఆయనే. అయినా అడిగారు, రాశారు, చెప్పిన రోజుకు తిరిగిచ్చారు. పొదుపు గురించి ఆ తర్వాత నేను చదివినవన్నీ ఆ అడ్డగీత తర్వాతే.

ఈ పద్ధతి ఎంత దూరం తీసుకెళ్తుందో మన నేల మీదే చూశాం. 1990ల తొలినాళ్లలో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాజుకున్న సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత, ఆ జిల్లా మహిళలు పొదుపులక్ష్మి పేరుతో రోజుకో రూపాయి దాచడం మొదలుపెట్టారు. కూలికెళ్తే తప్ప పూటగడవని ఇళ్లు కూడా అందులో ఉన్నాయి. వాళ్ల చేత దాయించింది పెద్ద ఆదాయం కాదు. అందరూ కలిసి కూర్చున్నచోట, అందరి ఎదుటా డబ్బు లెక్కపెట్టి పుస్తకంలో రాసే పద్ధతి. తన రూపాయి ఎక్కడుందో తనకు తెలిసినప్పుడు మనిషి మరో రూపాయి తెచ్చి పెడుతుంది. మీ ఇంట్లోనూ అలాంటి పుస్తకం ఒకటి ఉండాలి. పిల్లల పేరుతో ఓ నోటుబుక్కు పెట్టి తేదీ, వచ్చింది, తీసింది, మిగిలింది అని నాలుగు గడులు గీయించండి. రాసే పని వాళ్లదే.

మెంతి సీసా, మామిడి డిబ్బీ

ఆరేళ్ల పిల్లాడికి స్వల్పకాలిక పొదుపు, దీర్ఘకాలిక పొదుపు అంటే బుర్రకెక్కదు. అలాంటప్పుడు పోపుల డబ్బాలోంచి చారెడు మెంతులు తీయండి. వాడి చేతనే బాల్కనీలోని కుండీలో చల్లించండి. నాలుగైదు రోజుల్లో మొలకలొస్తాయి. నెల తిరిగేసరికి పప్పులోకి మెంతికూర దొరుకుతుంది. ఆ తర్వాత ఎక్కడైనా మామిడి చెట్టు చూపించి, అంటు నాటాక నాలుగైదేళ్లు ఆగితే గానీ సరైన కాపు రాదని చెప్పండి. ఓసారి కాపు మొదలయ్యాక అది ఏళ్ల తరబడి కాస్తూనే ఉంటుందనీ చెప్పండి. మెంతులు చల్లినవాడు మామిడి నాటకపోతే ఎప్పటికీ ఆకుకూరే తినాలి. మామిడి ఒక్కటే నాటితే ఈ నెల పప్పులోకి ఏమీ ఉండదు. రెండూ కావాలి.

డబ్బుకూ ఇదే పద్ధతి పెట్టండి. ఖాళీ అయిన ఆవకాయ సీసా ఒకటి శుభ్రంగా కడిగి ఆరబెట్టండి. అది మెంతి సీసా, అంటే కొద్ది వారాల్లో కొనుక్కునే వస్తువు కోసం. గాజుసీసాలో బిళ్లల మట్టం పెరగడం రోజూ కంటికి కనిపిస్తుంది. ఆ వస్తువు బొమ్మ గీసి సీసాకు అంటించమనండి. రెండోది మట్టి డిబ్బీ, అంటే మామిడి డిబ్బీ. దూరపు లక్ష్యం కోసం వేసే డబ్బు తీయడానికి కాస్త కష్టంగా ఉండాలి కాబట్టి మూసి ఉన్నదే మేలు. లోపల ఎంతుందో నోటుబుక్కు చెబుతుంది.

పాకెట్ మనీ వారంలో ఒకే రోజున, అడక్కముందే ఇవ్వండి. చిల్లరగా ఇవ్వండి. ఇరవై రూపాయల నోటు చేతికిస్తే ఆరేళ్ల పిల్లాడు దాన్ని పంచుకోలేడు. ఒక పది, రెండు ఐదులు ఇస్తే పది ఖర్చుకు, ఐదు మెంతి సీసాకు, ఐదు మామిడి డిబ్బీకి అని వాడే వేసుకుంటాడు. మొదటి లక్ష్యం నాలుగు వారాల్లో తీరేదే ఉండాలి. ఇరవై రూపాయల గాలిపటమైతే సరిగ్గా నాలుగు వారాలు. మొదటిసారే సైకిల్ అని పెడితే రెండో నెలకు సీసా ఊసే ఎత్తడు. గాలిపటం కొన్న రోజున కొట్టువాడికి ఆ డబ్బు వాడి చేత్తోనే ఇప్పించండి. తొమ్మిదేళ్లొచ్చాక వారానికి యాభై ఇస్తూ, అందులో పాతిక సీసాలో వేయిస్తే మూడొందల రూపాయల షటిల్ బ్యాట్లు పన్నెండు వారాల్లో వస్తాయి.

మామిడి డిబ్బీలో ఆ నెల వేసిన ప్రతి పది రూపాయలకు మీరు ఒక రూపాయి కలపండి. కానీ దాన్ని వడ్డీ అనకండి, అమ్మానాన్నల కానుక అనండి. ఇలా ఎందుకంటున్నానంటే, నెలకు పది శాతం వడ్డీ వస్తుందని చిన్నప్పుడే నమ్మిన పిల్లలు, పెద్దయ్యాక అంతంత వడ్డీ ఇస్తామని ఆశపెట్టే మోసగాళ్ల మాట కూడా నమ్ముతారు.

ఇప్పటి పిల్లలకు ఇంకో చిక్కుంది. అమ్మ ఫోను చూపిస్తే కూరగాయలు సంచిలో పడతాయి. నాన్న ఫోను చూపిస్తే పెట్రోలు వస్తుంది. డబ్బు తరిగిపోవడం వాళ్లు చూడరు. వారానికోసారైనా సంతకో రైతుబజారుకో పిల్లల్ని తీసుకెళ్లి, రెండొందల రూపాయల నోట్లు వాళ్ల చేతిలో పెట్టి బేరం, చిల్లర, మిగులు వాళ్లనే చూసుకోమనండి. గుప్పిట్లో నోట్లు తగ్గుతుంటే వచ్చే జాగ్రత్త ఫోను తెర మీద అంకె చూస్తే రాదు.

పదేళ్లు నిండాక పోస్టాఫీసు మెట్లెక్కించండి

పదేళ్లు నిండిన పిల్లలు పోస్టాఫీసులో తమ పేరుతోనే పొదుపు ఖాతా తెరిచి, తామే నడుపుకోవచ్చు. ఐదొందలతో మొదలుపెట్టొచ్చు. బ్యాంకుల విషయంలోనూ రిజర్వ్ బ్యాంకు 2025 ఏప్రిల్‌లో స్పష్టత ఇచ్చింది. పదేళ్లు దాటిన మైనర్లు పొదుపు, టర్మ్ డిపాజిట్ ఖాతాలను స్వతంత్రంగా తెరిచి నడుపుకోవచ్చని, ఎంత మొత్తం వరకు అనేది బ్యాంకులు తమ నిబంధనల ప్రకారం నిర్ణయించుకోవచ్చని చెప్పింది. పుట్టినరోజు నాడు మామిడి డిబ్బీ పగలగొట్టి, లెక్కపెట్టి, ఆ డబ్బుతో ఖాతా తెరిపించండి. ఫారం వాళ్లనే నింపనివ్వండి. తప్పు రాస్తే ఇంకో ఫారం అడిగి తెచ్చుకోమనండి. కౌంటర్ దగ్గర మీరు ఒక అడుగు వెనకే ఉండండి.

ఈ వయసులో వడ్డీ లెక్క చెప్పాలి. మన ఊళ్లలో నూటికి రూపాయి, నూటికి రెండు అంటుంటాం. అది నెల లెక్క. నూటికి రెండంటే ఏడాదికి 24 శాతం. పోస్టాఫీసు పొదుపు ఖాతా ఇచ్చేది ఏడాదికి 4 శాతం. ఈ రెండు అంకెలూ నోటుబుక్కులో పక్కపక్కన రాయించండి. వంద రూపాయలు దాస్తే ఏడాదికి నాలుగు వస్తాయి. వంద రూపాయలు నూటికి రెండు వడ్డీకి తెస్తే ఇరవై నాలుగు పోతాయి. అప్పు జోలికి ఎందుకు వెళ్లకూడదో ఆ పేజీ చూసిన పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత రికరింగ్ డిపాజిట్. పోస్టాఫీసులో దీని గడువు ఐదేళ్లు, నెలకు వంద రూపాయలతో మొదలుపెట్టొచ్చు. 6.7 శాతం వడ్డీ లెక్కన అరవై నెలలు వంద చొప్పున కడితే, కట్టింది 6,000 రూపాయలు, చేతికొచ్చేది దాదాపు 7,136. పదేళ్ల వయసులో మొదలుపెడితే పదో తరగతి నాటికి ఆ డబ్బు చేతికొస్తుంది. ఆ పదకొండొందల పైచిలుకు ఎక్కడినుంచి వచ్చిందో వాళ్లనే చెప్పమనండి. మొదటి నెల వేసిన వంద ఐదేళ్లూ పనిచేసిందని, ఆఖరి వంద ఒక్క నెలే పనిచేసిందని అర్థమైతే, ముందుగా మొదలుపెట్టడంలోని బలం వాళ్లకు తెలిసినట్టే.

వడ్డీతో పాటు ధరల సంగతీ చెప్పాలి. ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ ఏళ్లు గడిచినా ఐదు రూపాయలకే దొరుకుతుంది, లోపల బరువు మాత్రం తగ్గుతూ వచ్చింది. ప్యాకెట్ మీద గ్రాములు చదివించి, తేదీతో సహా నోటుబుక్కులో రాయించండి. ఏడాది తర్వాత మళ్లీ చదివించండి. డబ్బును ఏళ్ల తరబడి డిబ్బీలోనే ఉంచేస్తే దాని విలువ ఎలా కరుగుతుందో అప్పుడు తెలుస్తుంది. దూరపు లక్ష్యాలకు డిబ్బీ చాలదు, వడ్డీ వచ్చే చోటు కావాలనడానికి అదే కారణం.

ఆడపిల్లలున్న ఇళ్లలో చాలామంది సుకన్య సమృద్ధి ఖాతా తెరిచే ఉంటారు. 2015 జనవరిలో మొదలైన ఈ పథకంలో పదేళ్లు నిండని ఆడపిల్ల పేరుతో చేరొచ్చు. ఏడాదికి కనీసం 250, గరిష్ఠంగా లక్షన్నర రూపాయలు, పదిహేనేళ్ల పాటు కట్టొచ్చు. ఒక పొరపాటు మాత్రం చాలామంది చేస్తుంటారు. అమ్మాయికి 21 ఏళ్లు రాగానే డబ్బు వస్తుందనుకుంటారు. లెక్క ఖాతా తెరిచిన రోజు నుంచి 21 ఏళ్లు. ఐదేళ్లప్పుడు తెరిస్తే గడువు తీరేసరికి ఆమెకు 26 ఏళ్లొస్తాయి. పదో తరగతి పాసయ్యాక గానీ, 18 ఏళ్లు నిండాక గానీ పై చదువుకు సగం దాకా తీసుకునే వీలుంది. వడ్డీ రేటును ప్రభుత్వం మూడు నెలలకోసారి సమీక్షిస్తుంది. 2024 జనవరిలో అది 8.2 శాతం.

ఈ ఖాతా మీ పొదుపు, మీ అమ్మాయి అలవాటు కాదు. దాన్ని ఆమె అలవాటుగా మార్చాలంటే పాస్‌పుస్తకం బీరువా లాకర్‌లోనే ఉండిపోకూడదు. ఏడాదికోసారి, బడి తెరిచే రోజుల్లో, ఆమె చేతికిచ్చి చదివించండి. "ఇది నీ చదువు కోసం" అని చెప్పండి. తన భవిష్యత్తు కోసం ఇంట్లో ఎవరో నెలనెలా కష్టపడుతున్నారని అంకెల్లో చూసిన పిల్ల, తన వంతుగా వంద వేస్తానని తానే అంటుంది.

మనం చేసే నాలుగు తప్పులు

మొదటిది, డిబ్బీలో చెయ్యి పెట్టడం. అవసరం పడితే అడిగి, రాసి, తేదీ చెప్పి తీసుకోండి. చెప్పిన తేదీకి ఇవ్వలేకపోతే ఆ రోజే పిలిచి కొత్త తేదీ చెప్పండి.

రెండోది, ఖర్చు చేసుకున్న పిల్లలను వెంటనే ఆదుకోవడం. సీసాలోని డబ్బంతా చిరుతిళ్లకు పెట్టేసినవాడు తిరునాళ్లలో రంగులరాట్నం ముందు నిలబడి ఏడుస్తాడు. మీ మనసు కరుగుతుంది. చెయ్యి పట్టుకుని పక్కన నిలబడండి, టికెట్ మాత్రం కొనకండి. పది రూపాయలతో నేర్చుకోగలిగిన పాఠం ఇప్పుడు నేర్చుకోకపోతే, రేపు క్రెడిట్ కార్డుతో లక్షలు పోసి నేర్చుకోవాలి.

మూడోది, కొనుక్కునే రోజున అడ్డం పడటం. పన్నెండు వారాలు దాచి బ్యాట్లు కొనబోతుంటే, "ఇంత డబ్బు దీనికా, ఇంకా దాచుకో" అంటాం. అలా అంటే ఆ డబ్బు తనది కాదని పిల్లలకు చెప్పినట్టే. ప్రమాదకరమైనది, ఇంట్లో కుదరనిది అయితే లక్ష్యం పెట్టుకునే రోజునే చెప్పాలి. ఆ తర్వాత కొననివ్వాలి. పొదుపు వేరు, పిసినారితనం వేరు.

నాలుగోది, అన్నదమ్ములతోనో అక్కచెల్లెళ్లతోనో పోల్చడం. ఆరేళ్లవాడికి నెల రోజులే చాలా దూరం. పదేళ్ల పిల్లకు ఏడాది, పదిహేనేళ్లవాడికి డిగ్రీ చదువు దూరం. ఎవరి దూరం వాళ్లది.

పద్నాలుగేళ్లు దాటిన పిల్లలకు ఇంకో మెట్టు ఉంది. ఇంటి నెల ఖర్చు రాసుకునే రోజున వాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. అద్దె ఎంత, స్కూలు ఫీజు ఎంత, చిట్టీ ఎంత, అప్పు వాయిదా ఎంత అన్నది విననివ్వండి. జీతం తక్కువని దాచాల్సిన పనిలేదు. లెక్క తెలిసిన పిల్లలు అడిగే కోరికలు తగ్గుతాయి. ఇంటి కష్టంలో తమకూ చోటుందని వాళ్లకు తెలుస్తుంది.

ఈ వారం చేయాల్సిన పనులు

1. మీ పిల్లలకు చుట్టాలు ఇచ్చి, మీరు దాచిపెడతానని తీసుకున్న డబ్బు ఎంతో గుర్తున్నంతవరకు రాయండి. అది మీ బాకీ.

2. నాలుగు గడుల నోటుబుక్కు, ఒక గాజుసీసా, ఒక మట్టి డిబ్బీ సిద్ధం చేయండి.

3. పాకెట్ మనీ ఇచ్చే రోజు ఖాయం చేయండి. ఆ రోజు తప్పకండి. ఇచ్చే మొత్తం కంటే, తప్పకుండా ఇవ్వడమే ముఖ్యం.

4. నాలుగు వారాల్లో తీరే లక్ష్యం ఒకటి, ఏడాదికి తీరే లక్ష్యం ఒకటి పిల్లల చేతే చెప్పించి, వాళ్ల అక్షరాలతోనే రాయించండి.

5. పదేళ్లు నిండితే, ఈ నెలలోనే ఓ రోజు పోస్టాఫీసుకో బ్యాంకుకో తీసుకెళ్లండి.

వీటిలో మొదటి పని కష్టమనిపిస్తుంది. పాత పండగల లెక్క తవ్వితే వేలల్లో తేలొచ్చు, ఒక్కసారిగా ఇవ్వలేకపోవచ్చు. ఫరవాలేదు. నెలకు వంద చొప్పున తీరుస్తానని మీ అమ్మాయి నోటుబుక్కులో రాసి, కింద సంతకం పెట్టండి. మొదటి వంద ఈ రాత్రే ఆమె చేతిలో పెట్టండి. అడ్డగీత కొట్టే పెన్ను కూడా ఆమెకే ఇవ్వండి.